చదువు ఒకచోట, ఓటు ఇంకోచోట

2024 మే 11, 12 తేదీల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి సంక్రాంతి ముందు రోజుల్ని తలపించింది. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర వాహనాలు బారులు తీరాయి. ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లో సీటు దొరకనివాళ్లు ఎల్బీనగర్ చేరుకుని ఏ బండి దొరికితే ఆ బండెక్కారు. మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేసారి పోలింగ్. ఊరికి బయల్దేరినవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు, తాపీ మేస్త్రీలున్నారు, భుజాన బ్యాగు తప్ప వేరే సామాను లేని ఇంజినీరింగ్, పీజీ విద్యార్థులూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఎన్నికల పోలింగ్ దాదాపు 82 శాతం. అదే రోజు లోక్‌సభకు ఓటేసిన తెలంగాణలో హైదరాబాద్ స్థానం 50 శాతానికి రెండడుగుల దూరంలో, 48 దగ్గరే ఆగిపోయింది. సికింద్రాబాద్‌లో 49.

ఈ అంకెలు చూసి నగరవాసికి బద్ధకమని తిట్టడం ప్రతి ఎన్నికకూ జరిగే తంతు. బద్ధకం లేదని ఎవరూ అనరు. దానితోపాటు ఇంకో సంగతి కూడా ఉంది. నగరంలో ఉండేవాళ్లలో చాలామందికి ఓటు నగరంలో లేదు. నగర జాబితాలో పేరున్నవాళ్లలో కొందరు నగరం విడిచి ఏళ్లయింది. ఈ రెండు రకాల లెక్కల్లోనూ విద్యార్థులు కనిపిస్తారు. 18 నిండే సమయానికి ఇల్లు వదిలి, మూడు నుంచి ఆరేళ్లు వేరే జిల్లాలోనో వేరే రాష్ట్రంలోనో గడిపే వీళ్లు ఓటు ఎక్కడ నమోదు చేసుకోవాలి? చట్టం దీనికి చెప్పిన సమాధానం చాలామంది అనుకునేదానికంటే ఉదారంగా ఉంది. దాన్ని అమలు చేసే యంత్రాంగం అంత ఉదారంగా లేదు.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఓటరు కావాలంటే రెండే అర్హతలు. అర్హత తేదీ నాటికి 18 ఏళ్లు నిండాలి, ఆ నియోజకవర్గంలో సాధారణ నివాసి అయి ఉండాలి. 1989 దాకా ఆ వయసు 21. అందుకే అంతకుముందు డిగ్రీ విద్యార్థికి ఈ చిక్కే పెద్దగా ఎదురుకాలేదు. ఓటు వచ్చేసరికి చదువు అయిపోయేది. రాజ్యాంగ 61వ సవరణతో వయసు 18కి దిగాక ఓటు నేరుగా హాస్టల్ గది తలుపు తట్టింది. సాధారణ నివాసి అంటే ఎవరన్నది 20వ సెక్షన్ విడమరుస్తుంది. ఒకచోట ఇల్లుందన్న ఒక్క కారణంతో అక్కడి నివాసి అయిపోరు. తాత్కాలికంగా వేరేచోటికి వెళ్లినంత మాత్రాన ఊరి నివాసం పోదు కూడా. ఈ రెండో వాక్యమే ఇంటికి దూరంగా చదివేవాళ్లకు ఊళ్లో ఓటును కాపాడుతోంది.

ఈ నిర్వచనం ఎంత సాగుతుందో చూడాలంటే మన్మోహన్‌సింగ్‌ను తలుచుకోవచ్చు. ప్రధానిగా పదేళ్లు ఢిల్లీలో ఉన్నా ఆయన ఓటు మాత్రం అస్సాంలో, గువాహటిలోని అద్దె చిరునామాతో దిస్పూర్ జాబితాలో ఉండేది. దానిమీద వివాదం కోర్టుకూ ఎక్కింది. ఆయనతో పోలిస్తే సెమిస్టర్ సెలవులకు ఇంటికొచ్చి అమ్మ చేతి పప్పన్నం తినిపోయే కుర్రాడు ఊరికి చాలా దగ్గరివాడే.

విద్యార్థుల విషయంలో ఎన్నికల సంఘం ఇంకో అడుగు ముందుకేసింది. హాస్టల్‌లోగానీ మెస్‌లోగానీ ఉండి చదువుకునేవాళ్లు తల్లిదండ్రుల దగ్గరైనా, హాస్టల్ చిరునామాలోనైనా, తమకు నచ్చినచోట నమోదు చేసుకోవచ్చు. కోర్సుకు ప్రభుత్వం, బోర్డు లేదా విశ్వవిద్యాలయం గుర్తింపు ఉండాలి, కనీసం ఏడాది కాలపరిమితి ఉండాలి. హాస్టల్ చిరునామా ఎంచుకుంటే ప్రిన్సిపాల్, రిజిస్ట్రార్ లేదా డీన్ సంతకంతో బోనఫైడ్ సర్టిఫికెట్‌ను కొత్త ఓటరు దరఖాస్తు అయిన ఫారం 6కు జతచేయాలి. అంతే. ‘నాలుగేళ్ల తర్వాత ఇక్కడే ఉంటావా’ అని ఎవరూ అడగరు, అడగకూడదు.

ఇంత స్పష్టమైన నియమం క్యాంపస్‌లలో ఎంతమందికి తెలుసన్నది వేరే సంగతి. లోక్‌సభ ఎన్నికల ముందు, 2024 ఫిబ్రవరి 28 నుంచి మార్చి 6 దాకా ‘మేరా పహ్లా వోట్ దేశ్ కే లియే’ పేరుతో దేశమంతటా ఉన్నత విద్యాసంస్థల్లో ప్రచారం నడిచింది. ప్రతిజ్ఞలు చేయించారు, ముగ్గులు వేయించారు, సెల్ఫీ పాయింట్లు పెట్టారు. ఓటెయ్యమని చెప్పడం తేలిక. నీ ఓటు ఇక్కడుండాలా, ఊళ్లోనా అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఫారం నింపించడం కష్టం. ఆ కష్టమైన పని జరిగిన దాఖలాలు తక్కువే.

నియమం తెలిస్తే విశ్వవిద్యాలయ హాస్టల్‌లో ఉన్నవాళ్ల సంగతి సుఖాంతమే. మిగతావాళ్లది అలా కాదు. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి లాంటి చోట్ల బయట గది తీసుకుని ఉండేవాళ్లూ, ప్రైవేటు హాస్టళ్లలో ఉండేవాళ్లూ చాలామంది. వీళ్లకు కళాశాల ఇచ్చే సర్టిఫికెట్ చదువును రుజువు చేస్తుందే తప్ప గదిని రుజువు చేయదు. ఫారం 6లో చిరునామాకు చెల్లే పత్రాల జాబితా ఉంది: నీళ్లు, కరెంటు లేదా గ్యాస్ బిల్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాస్‌పోర్టు, రెవెన్యూ శాఖ భూమి పత్రాలు, రిజిస్టర్ అయిన అద్దె ఒప్పందం, రిజిస్టర్ అయిన సేల్ డీడ్. కరెంటు బిల్లు యజమాని పేరు మీద ఉంటుంది. ఆధార్‌లో ఊరి చిరునామా ఉంటుంది. ఇక మిగిలింది అద్దె ఒప్పందం. మన దగ్గర అది 11 నెలలకే రాసుకోవడం ఎందుకో అద్దెకున్న ప్రతివాళ్లకూ తెలుసు. ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాల్సి వస్తుందని, ఖర్చవుతుందని. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికే పుట్టిన కాగితం, రిజిస్టర్ అయిన కాగితం అడిగే ఆఫీసులో పనికిరాదు. చాలా గదులకు ఆ కాగితం కూడా ఉండదు, నోటిమాటే.

అయినా దారి మూసుకుపోలేదు. చిరునామా పత్రం ఏదీ లేకపోతే క్షేత్రస్థాయి విచారణ తప్పనిసరి అని ఆ ఫారమే చెబుతోంది. అంటే బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) వచ్చి చూడాలి. బీఎల్వోలంటే చాలాచోట్ల అంగన్‌వాడీ టీచర్లు, చిన్న ప్రభుత్వ ఉద్యోగులు. సొంత పని మానకుండా అదనంగా ఈ బాధ్యత మోసేవాళ్లు. బీఎల్వో వచ్చే వేళకు విద్యార్థి తరగతిలో ఉంటాడు. ఫోన్ చేస్తే కొత్త నంబరని ఎత్తడు. ఇంటి ఓనరు ‘మా ఇంట్లో ఓట్లు పెట్టొద్దమ్మా, రేపు ఖాళీ చేయమంటే చిక్కు’ అంటాడు. ఓటరు కార్డు అద్దె హక్కు ఏదీ ఇవ్వదు. ఆ భయం మాత్రం నగరాల్లో బలంగా ఉంది.

హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కో, డీఎస్సీకో, సాఫ్ట్‌వేర్ కోర్సుకో తయారవుతున్నవాళ్లది ఇంకా త్రిశంకు స్థితి. కోచింగ్ సెంటర్ విశ్వవిద్యాలయం కాదు కాబట్టి బోనఫైడ్ సౌకర్యం వాళ్లకు వర్తించదు. కొందరు అక్కడే నాలుగైదేళ్లు ఉంటారు, వాళ్ల జీవితాన్ని తేల్చేది రాష్ట్ర ప్రభుత్వం వేసే నోటిఫికేషనే, అయినా కాగితం మీద వాళ్లు విద్యార్థులు కారు. మామూలు అద్దెదారుల్లా నివాసం నిరూపించుకోవాల్సిందే.

వయసు, తేదీల విషయంలో మాత్రం పరిస్థితి నిజంగా మెరుగుపడింది. ఇదివరకు జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ. జనవరి 2న పుట్టినవాళ్లు మరో ఏడాది ఆగాల్సిందే. 2021 చివర్లో చేసిన చట్ట సవరణతో 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలు వచ్చాయి. 17 నిండినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 18 నిండాక వచ్చే తేదీకి పేరు ఎక్కుతుంది. అంటే ఇంటర్ రెండో సంవత్సరంలో ఇంట్లో ఉండగానే పని మొదలుపెట్టవచ్చు. ఎన్నికలప్పుడు నామినేషన్ల చివరి తేదీ దాటితే జాబితాలో మార్పులు చేయరు. దరఖాస్తు పరిశీలనకు, అభ్యంతరాలకు రోజులు పడతాయి కాబట్టి అంతకు పది రోజుల ముందే పెట్టుకోవాలి. పోలింగ్ వారం ముందు ఫారం కోసం వెతికేవాళ్లు ప్రతిసారీ ఉంటారు, ప్రతిసారీ నిరాశే.

ఇక అసలు ఎంపిక. తెలుగు విద్యార్థుల్లో ఎక్కువమంది ఊరినే ఎంచుకుంటారు. సరిగా చెప్పాలంటే ఎంచుకోరు, ఇంట్లోవాళ్లు నాన్న ఓటు పక్కన రాయించేస్తారు. దీనికి భావోద్వేగం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ, పురపాలక జాబితాలు అసెంబ్లీ జాబితా నుంచే తయారవుతాయి. ఓటు ఊళ్లో ఉంటే సర్పంచ్ ఎన్నికలోనూ ఓటుంటుంది. పది, పదిహేను ఓట్ల తేడాతో గెలుపోటములు తేలే ఎన్నికలో హైదరాబాద్‌లో చదివే పిల్లల ఓట్లు లెక్కలోకి వస్తాయి. అందుకే పంచాయతీ ఎన్నికలప్పుడు అభ్యర్థులే ఫోన్లు చేస్తారు, బస్సులు మాట్లాడతారు. కులం, చుట్టరికం, పొలం గట్టు తగాదా, అన్నీ కలిసి ఆ ఓటుకు బరువు తెస్తాయి. నగరంలోని డివిజన్ కార్పొరేటర్ పేరు ఆ విద్యార్థికి తెలియదు, కార్పొరేటర్‌కు విద్యార్థితో పని లేదు. 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 47 శాతం కూడా దాటలేదు.

హాస్టల్ పక్షాన వాదన కూడా గట్టిదే. నాలుగేళ్లు తాగేది ఇక్కడి నీళ్లు, ఎక్కేది ఇక్కడి బస్సు, రాత్రి లైబ్రరీ నుంచి వచ్చే దారిలో వీధిదీపం వెలగాల్సింది ఇక్కడ. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్న శేరిలింగంపల్లి ఏడు లక్షలకు పైగా ఓటర్లతో తెలంగాణలోనే పెద్ద అసెంబ్లీ నియోజకవర్గం. అక్కడ కొన్ని వేల విద్యార్థి ఓట్లు గెలుపోటములు తేల్చకపోవచ్చు. చిన్న పట్టణం పక్కన వెలసిన క్యాంపస్‌ సంగతి అలా కాదు. అక్కడ హాస్టళ్ల ఓటు రెండు మూడు పోలింగ్ బూత్‌లకు సమానం. అభ్యర్థి గేటు దాకా వస్తే రోడ్డు గురించి, రాత్రి బస్సు గురించి అడగవచ్చు. ఓట్లే లేకపోతే ఆయన రాడు, రాకపోవడంలో ఆయన తప్పూ లేదు. ఊళ్లో పంచాయతీ మీద నిజంగా మనసున్నవాళ్లు ఊళ్లోనే ఉంచుకోవడం సబబు. ఏడాదికి రెండుసార్లు కూడా ఊరికి పోనివాళ్లు, మరో రాష్ట్రంలో చదివేవాళ్లు హాస్టల్ వైపు మొగ్గడం మేలు. తమిళనాడులో 2024 పోలింగ్ ఏప్రిల్ 19నే ముగిసింది. మే 13న చెన్నై, వేలూరు కళాశాలలకు అది మామూలు సోమవారం. చిత్తూరు జిల్లా విద్యార్థి తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లి ఓటేసి రావచ్చు. శ్రీకాకుళం విద్యార్థికి అది రెండు రోజుల ప్రయాణం, పైగా ఒక పరీక్ష.

రెండుచోట్లా ఉంచుకుంటే పోలా? ఈ ఆలోచన తెలుగువాళ్లకు కొత్త కాదు. రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్‌లో ఒక ఓటు, గుంటూరులోనో భీమవరంలోనో ఇంకో ఓటు ఉన్నవాళ్ల మీద ఎన్నికల సంఘానికి పార్టీలు పదేపదే ఫిర్యాదులు చేశాయి. 1950 చట్టం సూటిగా ఉంది. 17వ సెక్షన్ ఒకటికి మించి నియోజకవర్గాల్లో పేరు ఉండకూడదంటుంది, 18వ సెక్షన్ ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు ఉండకూడదంటుంది. ఫారంలో తప్పుడు ప్రకటన చేస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఒకే సార్వత్రిక ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటేస్తే రెండూ చెల్లవని 1951 చట్టం చెబుతోంది. చాలామంది విద్యార్థులు ఇందులో చిక్కుకునేది దురుద్దేశంతో కాదు. ఊళ్లో ఓటుందని తెలియకనో మరిచిపోయో హాస్టల్‌లో కొత్తగా ఫారం 6 పెట్టేస్తారు. ఇదివరకే ఓటున్నవాళ్లు పెట్టాల్సింది చిరునామా మార్పు కోసం ఉన్న ఫారం 8. పాత ఎపిక్ (ఓటరు కార్డు) నంబరు అందులో రాస్తే పాతచోట పేరు తీసేసి కొత్తచోట చేరుస్తారు.

దీనికి ఎదురు బాధ కూడా ఉంది, అది ఎక్కువ ప్రమాదకరం. ఊళ్లో ఉన్న ఒక్క ఓటూ పోవడం. ఇంటింటి సర్వేలో బీఎల్వో వచ్చినప్పుడు మనిషి కనబడకపోతే ‘మారినవారు’ అనే గడిలో పడే అవకాశం ఉంది. తొలగించే ముందు నోటీసివ్వాలి, వినిపించుకునే అవకాశం ఇవ్వాలి. ఆ నోటీసు వచ్చేది మనిషి లేడని రాసుకున్న ఆ ఇంటికే. 2018 తెలంగాణ ఎన్నికల్లో పేర్లు గల్లంతయ్యాయని గగ్గోలు రేగితే అప్పటి రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. 2019కి ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఓట్లు తీసేయమంటూ ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. దొంగ దరఖాస్తులపై కేసులు పెట్టాల్సి వచ్చింది. ఊరు విడిచి చదువుకునేవాళ్ల పేరు అలాంటి వేటకు సులువుగా దొరుకుతుంది.

బిహార్‌లో 2025 జూన్‌లో మొదలైన ప్రత్యేక విస్తృత సవరణ ఈ భయాన్ని దేశమంతటికీ పరిచయం చేసింది. ఆగస్టు 1 ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు కనిపించలేదు. చనిపోయినవాళ్లు, రెండుచోట్ల ఉన్నవాళ్లు కాక, శాశ్వతంగా వెళ్లిపోయారనో దొరకలేదనో తీసేసిన పేర్లు 36 లక్షల దాకా ఉన్నాయి. కారణాలతో సహా జాబితా బయటపెట్టమని సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. కోటాలోనో ఢిల్లీలోనో చదివే బిహారీ విద్యార్థి తాత్కాలికంగా వెళ్లాడా, శాశ్వతంగా వెళ్లాడా? చట్టానికి తెలుసు. గుమ్మం ముందు నిలబడి పదిహేను నిమిషాల్లో గడి నింపాల్సిన ఉద్యోగికి ఎలా తెలుస్తుంది?

విద్యార్థి ఎక్కడి నివాసి అన్న ఇదే గొడవ అమెరికాలో అర్ధశతాబ్దంగా నడుస్తోంది. 1971లో ఓటు వయసు 18కి దిగగానే టెక్సస్‌లోని వాలర్ కౌంటీ అధికారి ఒకరు ప్రెయిరీ వ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ప్రశ్నాపత్రం ఇచ్చాడు. ఇక్కడ ఆస్తి ఉందా, చదువయ్యాక ఉంటావా అని. అది నల్లజాతి విద్యార్థుల విశ్వవిద్యాలయం; ప్రశ్నల వెనక ఉద్దేశం దాచినా దాగేది కాదు. 1979లో అమెరికా సుప్రీంకోర్టు విద్యార్థుల పక్షాన నిలిచింది. అయినా 2004లో అదే కౌంటీలో అదే వివాదం మళ్లీ లేచి, విద్యార్థులు ఊరేగింపు తీశారు. బ్రిటన్‌లో 1970లోనే కోర్టు కళాశాల చిరునామాను ఒప్పుకుంది. అక్కడ విద్యార్థి ఇంటి దగ్గరా, కళాశాల దగ్గరా రెండుచోట్లా నమోదు కావచ్చు. రెండు వేర్వేరు కౌన్సిళ్ల ఎన్నికల్లో రెండుచోట్లా ఓటెయ్యవచ్చు. పార్లమెంటు ఎన్నికలో మాత్రం ఒక్కచోటే.

బ్రిటన్ చట్టంలో తెలుగువాళ్లు గమనించాల్సిన విచిత్రం ఒకటుంది. వీసాతో అక్కడ నివసించే కామన్వెల్త్ దేశాల పౌరులకు పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుంది. భారత్ కామన్వెల్త్ దేశమే. లెస్టర్‌లోనో కొవెంట్రీలోనో ఎమ్మెస్ చదివే నరసరావుపేట అమ్మాయి భారత పాస్‌పోర్టు చూపించి బ్రిటిష్ ఎంపీని ఎన్నుకోవచ్చు. అక్కడి నుంచి నరసరావుపేటలో ఓటెయ్యడమే కుదరదు. మన 1950 చట్టంలో 2010లో చేర్చిన 20ఎ సెక్షన్ ఉద్యోగం కోసమైనా, చదువు కోసమైనా విదేశాల్లో ఉన్న భారతీయులకు ఓటు హక్కు ఇచ్చింది, ఫారం 6ఎ తో నమోదూ ఉంది. పోలింగ్ రోజు మాత్రం అసలు పాస్‌పోర్టు పట్టుకుని ఊరి బూత్‌లో నిలబడాలి. ప్రతినిధి ద్వారా ఓటేసే బిల్లు 2018లో లోక్‌సభ దాటింది, 2019లో మురిగిపోయింది. 2024లో దేశం మొత్తంమీద ప్రవాస ఓటర్లు లక్షా ఇరవై వేలకు కాస్త తక్కువ. వచ్చి ఓటేసినవాళ్లు మూడు వేలకు లోపు, వాళ్లలో అత్యధికులు కేరళవాళ్లు. డాలస్‌లో తెలుగు పార్టీల జెండాలతో కార్ల ర్యాలీలు తీసే ఉత్సాహానికీ ఈ అంకెకూ ఎక్కడా పొంతన లేదు.

దేశం లోపల ఉన్నవాళ్లకైనా ఉన్నచోటి నుంచే ఓటేసే వీలుంటే ఈ వ్యాసంలో సగం అవసరం ఉండేది కాదు. సైనికులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది, 85 దాటినవాళ్లకు, వికలాంగులకు ఇంటి దగ్గరే ఓటుంది. విద్యార్థులకు లేదు. 2022 డిసెంబరు 29న ఎన్నికల సంఘం ఒక రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనాను ప్రకటించింది. ఒక్క బూత్ నుంచి 72 నియోజకవర్గాల ఓటర్లు ఓటేసే ఏర్పాటు అది. 2019లో 30 కోట్లమందికి పైగా ఓటెయ్యలేదన్నది సంఘం చెప్పిన కారణం. 2023 జనవరి 16న పార్టీలను పిలిచింది. వలసవెళ్లినవాళ్లెవరో ఎలా తేలుస్తారు, దూరపు బూత్‌లో మా ఏజెంటు ఎలా కూర్చుంటాడు అని ప్రతిపక్షాలు అడ్డుచెప్పాయి. ప్రశ్నల్లో న్యాయముంది. జవాబులు వెతికే ప్రయత్నం మాత్రం అక్కడే ఆగింది. ఆ యంత్రం ఏ ఎన్నికలోనూ వాడకంలోకి రాలేదు.

ఈలోగా చేయదగిన పనులు చిన్నవి, చాలావరకు కళాశాలల చేతుల్లో ఉన్నవి. అడ్మిషన్ రోజున పదో తరగతి మెమో, ఆధార్, ఫొటోలు ఎలాగూ తీసుకుంటారు. ఫారం 6కు కావాల్సినవీ దాదాపు అవే. హాస్టల్ గది కేటాయించే రోజునే బోనఫైడ్ ఇచ్చి, అదే వారం బీఎల్వోను పిలిపిస్తే వంద గదుల విచారణ ఒక్క పూటలో అవుతుంది. చదువు ముగిసేటప్పుడూ పని ఉంది. వెళ్లిపోయిన బ్యాచ్‌ల పేర్లు హాస్టల్ బూత్ జాబితాలో పేరుకుపోతే దొంగ ఓట్ల అనుమానాలు పుడతాయి, పోలింగ్ శాతం లెక్క తప్పుతుంది, కొత్త బ్యాచ్‌ను చేర్చడానికి అధికారులు జంకుతారు. టీసీ తీసుకునేముందు విద్యార్థి లైబ్రరీ, మెస్, ల్యాబ్, స్పోర్ట్స్ విభాగాల చుట్టూ నో డ్యూస్ సంతకాల కోసం తిరుగుతాడు. ఆ కాగితం మీద ‘ఫారం 8 పెట్టారా’ అని మరో గడి చేర్చడానికి పార్లమెంటు అక్కర్లేదు, రిజిస్ట్రార్ సర్క్యులర్ ఒకటి చాలు.